వెళ్ళి చూడాలి

నవంబరు 3

అమ్మమ్మా,

ఫోను చేస్తే, "ఫోనులో నువ్వు సగం విని సరే సరే అంటావు, అసలు విషయం ఉత్తరంలో రాయి" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. తేదీ కూడా వేశాను, చూశావా?

ఈ ఏడు నాకు తొమ్మిదో తరగతికి వారానికి రెండు పీరియడ్లు ఇచ్చారు. అడవులు ఎక్కడ నరికేస్తున్నారో ఉపగ్రహం తీసిన ఫొటోల్లోంచి కంప్యూటరు చేత కనిపెట్టించడం ఎలాగో పిల్లలకు నేర్పుతున్నాను. ఉపగ్రహం అయిదు రోజులకోసారి ఒకే చోటు మీదుగా వెళ్తూ ఫొటో తీస్తుంది. అన్ని ఫొటోలూ మనుషులు కూర్చుని చూడాలంటే అయ్యే పని కాదు. కాబట్టి కొన్ని వందల ఫొటోలు మాత్రం మనం చూసి, ఇది అడవి, ఇది నరికిన చోటు అని గుర్తులు పెట్టి కంప్యూటరుకు ఇస్తాం. వాటిని చూసి చూసి అది నేర్చుకుంటుంది. తర్వాత కొత్త ఫొటో ఇస్తే తనే చెబుతుంది. పేపర్లో కృత్రిమ మేధ, ఏఐ అని రోజూ చదువుతున్నావే, మా తరగతిలో అది చేసే పని ఇదే.

చిక్కల్లా హెడ్మాస్టరుగారితో. ఆయనకు దీని మీద గురి లేదు. "మార్చిలో మీ యంత్రం ఎన్నడూ చూడని ఫొటో ఒకటి నేను తెస్తాను. సరిగ్గా చెబితే వచ్చే ఏడు కూడా మీ పీరియడ్లు ఉంటాయి. చెప్పలేకపోతే లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాను" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ పిల్లలు మధ్యాహ్నం ఆటలు మానేసి మరీ పని చేస్తున్నారు. చేస్తున్నారే గాని, ఒకడు అడవి అన్నదాన్ని ఇంకొకడు పొలం అంటాడు. ఇద్దరూ కలిసి నా మీదికొస్తారు.

ఏళ్ళ తరబడి పేపర్లు దిద్దిన చెయ్యి కావాలి అమ్మమ్మా. మూడు వందల ఫొటోలు అచ్చు వేయించి పంపుతున్నాను. అడవి బాగుంటే టిక్కు, లేకపోతే ఇంటూ. అంతే పని.

నీ కొండ కూడా ఫొటోల్లో ఉంది. ఫొటోలో ఒక్కో చుక్క అంటే నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. కొండ కింద మీ ఇల్లు ఒక్క చుక్క!

తొందరలో ఉన్న
నీ తూనీగ


నవంబరు 12

తూనీగకి అమ్మమ్మ ఆశీస్సులు.

ఉత్తరం, ఫొటోల కట్ట చేరాయి. తేదీ వేసినందుకు సంతోషం. దస్తూరి సంగతి ఎదురుపడ్డప్పుడు మాట్లాడతాను.

పీరియడ్లు లెక్కల మాస్టారికి పోతే కొంప మునిగిపోతుందన్నట్టు రాశావు. లెక్కల టీచరుగా రిటైరైనదానికి రాయవలసిన సంగతేనా అది? అయినా మనవరాలివి, ఒప్పుకున్నాను.

ఇంకొక మాట. నా ఇల్లు ఒక చుక్కా? ముందుగది, పడకగది, వంటగది, మెట్లు, పైన డాబా, డాబా మీద నీళ్ళ ట్యాంకు, అన్నీ కలిపి ఒక చుక్కా? ఆ ఉపగ్రహానికి కళ్ళద్దాలు మార్పించమని చెప్పు.

భోజనాల బల్ల ఖాళీ చేసి, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, పొద్దుటి వెలుతురులో రోజుకు యాభై చొప్పున దిద్దాను. పేపరు దిద్దేటప్పుడు మొహమాటం పనికిరాదు కదా. మొదటి ఫొటో చూడగానే తెలిసిపోయింది, ఈ అడవులకు ఒక క్రమం లేదని. అంచులు తిన్నగా ఉండవు. మధ్యమధ్య ఖాళీలు. ఒకదాంట్లో నది తాగినవాడిలా నడుస్తోంది. ప్రతి ఫొటో వెనకా పదికి మార్కులు వేసి, ఎనిమిదికి తగ్గినవాటికి ఇంటూ పెట్టాను. మూడు వందల్లో పదకొండుకు టిక్కు పడింది. మా బడిలో కూడా ఇంచుమించు ఇంతే ఉండేది.

మా కొండ మీద అడవి గార్డుగా ఉన్న అబ్బాయి నా పాత విద్యార్థి అని చెప్పాను కదా. వాడికి పెళ్ళయి పిల్లలు పుట్టినా ఇప్పటికీ నా ఎదుట కూర్చోడు. ఫొటో చూపిస్తే, "టీచరుగారూ, ఇది మన కొండేనండీ!" అన్నాడు.

"ఎలా గుర్తుపట్టావురా?"

"వాగు మలుపండీ. అయినా మన కొండని మనం పోల్చుకోలేమాండీ?"

ఆ ఫొటోకు నేను అయిదు వేశానని వాడికి చెప్పలేదు. బాధపడతాడు.

కట్ట తిప్పి పంపుతున్నాను. వాడే ముందు నువ్వొకసారి చూసుకో. సరే సరే అనకు, చూసుకో.

ఇట్లు,
అమ్మమ్మ


డిసెంబరు 1

అమ్మమ్మా,

ముందే ఒప్పేసుకుంటున్నాను, చూసుకోలేదు. కట్ట రాగానే పిల్లలు నా చేతిలోంచి లాక్కుపోయి, సాయంత్రానికల్లా గుర్తులన్నీ కంప్యూటరులోకి ఎక్కించేశారు.

మర్నాడు బడి వెనక తోట ఫొటో ఇచ్చాం. "నరికేశారు" అంది. పక్క ఊరి చింతల అడవి ఇచ్చాం. "నరికేశారు." మనిషి అడుగు పెట్టలేనంత దట్టమైన అడవి ఫొటో వెతికి తెచ్చాం. అదీ నరికేశారు. ఒకడికి తిక్క పుట్టి మా బడి నోటీసు బోర్డును ఫొటో తీసి పెట్టాడు. దాన్నీ నరికేశారంది.

అప్పుడు ఫొటోలు వెనక్కి తిప్పి చూశాను. "ఆరు. అంచులు శుభ్రంగా లేవు." "నాలుగు. నది తిన్నగా లేదు." "ఏడు. ఇంకా శ్రద్ధ పెట్టాలి." అమ్మమ్మా, అడవి శ్రద్ధ ఎలా పెడుతుంది?

మా తరగతిలో ఒక గడుసు పిల్ల ఉంది, మొదటి బెంచీలో కూర్చుని నన్ను దిద్దుతుంటుంది. అది అంది కదా: "మిస్, పాపం యంత్రం తప్పేం లేదు. టీచరు ఎలా ఉంటే అలాగే తయారైంది." ఆ రోజు నుంచి యంత్రానికి అమ్మమ్మ అని పేరు పెట్టారు. పొద్దున్నే రావడం, "అమ్మమ్మ ఇవాళ ఏమంది?" "ఇంకేమంటుంది, నరికేశారంది" అనుకుని పడీపడీ నవ్వడం. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అదే నాకు భయంగా ఉంది.

మళ్ళీ మొదట్నుంచీ గుర్తులు పెట్టాలి. నీకు శ్రమ అనిపిస్తే వద్దులే, మేమే ఎలాగో చేసుకుంటాం.

తూనీగ


డిసెంబరు 8

తూనీగకి,

ఆశీస్సులు చివర్లో రాస్తాను, అప్పటికి కోపం తగ్గితే.

"వద్దులే" ఏమిటి? నా దిద్దుబాటు పనికిరాలేదని సూటిగా రాయడానికి నోరు రాక "శ్రమ" అన్నావా? నువ్వు రాసిన వాక్యం నా ఎదుటే ఉంది. "అడవి బాగుంటే టిక్కు." చెట్లుంటే అన్నావా? నిలబడి ఉంటే అన్నావా? బాగుంటే అన్నావు. నాకు ఏది బాగుంటుందో, ఏది బాగుండదో నీకు తెలియదా? నువ్వు జడ వేసుకుని వస్తే మూడుసార్లు విప్పి వేసేదాన్ని. ప్రశ్నపత్రం తయారుచేసినది నువ్వు. తప్పు నీదే.

ఆ గడుసు పిల్ల చెప్పినదాంట్లో మాత్రం విషయముంది. దాన్ని అడిగానని చెప్పు.

ఇక పేరు సంగతి. నోటీసు బోర్డును చూసి అడవి నరికేశారనేదానికి నా పేరా? ఊళ్ళో నాకున్న పరువు కాస్తా తీస్తారు. పేరు మార్చండి. మార్చరంటే ఆ యంత్రాన్ని ఆ పేరుకు తగ్గట్టు చేయండి. రెండోది చేయడానికైతే నేను సాయపడతాను.

కొత్త కట్ట పంపు. ఈసారి ప్రశ్న సరిగ్గా రాయి.

ఆశీస్సులు. (పూర్తిగా తగ్గలేదు.)
అమ్మమ్మ


జనవరి 14

తూనీగకి అమ్మమ్మ ఆశీస్సులు.

రెండో కట్టలోని ప్రశ్న బాగుంది. "చెట్లు నిలబడి ఉన్నాయా, నరికేశారా?" అలా అడగాలి.

నది వంకరను పట్టించుకోలేదు. అంచులు ఎలా ఉన్నా నోరు మూసుకున్నాను. ఎంత కష్టమైందో నాకే తెలుసు. అయినా అరవై ఫొటోలు మిగిలిపోయాయి. అక్కడ నేల గోధుమరంగులో ఉంది. చెట్లు ఉన్నాయో లేవో ఎన్నిసార్లు భూతద్దం పెట్టినా తేలలేదు.

వాటిలో ఒకటి మా కొండ తూర్పు వైపుది. గార్డును పిలిచి అడిగితే, "వెళ్ళి చూస్తే పోలేదాండీ" అన్నాడు. వెళ్ళాం. కొంత దూరం జీపులో, మిగతాది నా చేతికర్రతో. చూస్తే చెట్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ముందుగా ఆకు రాల్చుకుని నిలబడ్డాయి, అంతే! పైనుంచి చూస్తే నరికిన చోటుకూ దీనికీ తేడా నాకు తెలియలేదు. నా విద్యార్థి ఎవరైనా తెలియకుండా టిక్కు పెడితే నేను ఊరుకునేదాన్నా? "తెలియకపోతే తెలియదని రాయి, ఊహించి రాయకు" అనేదాన్ని.

కాబట్టి మూడో దొంతి పెట్టాను. దాని మీద "వెళ్ళి చూడాలి" అని రాశాను. యంత్రానికి ఈ మాట కూడా నేర్పండి.

మా పోస్టావిడ ఈ కట్ట బరువు చూసి, "ఏం పంపుతున్నారమ్మా, ఇటుకలా?" అంది. అడవులు అన్నాను. నా వయసు గుర్తొచ్చిందేమో, జాలిగా చూసి రసీదు ఇచ్చింది.

అమ్మమ్మ


జనవరి 22

అమ్మమ్మా,

మూడో దొంతి వద్దు, దయచేసి! హెడ్మాస్టరుగారు అడిగేది అవునా కాదా అని. "వెళ్ళి చూడాలి" అంటే తప్పించుకుంటున్నామనుకుంటారు. నువ్వు కష్టపడి కొండెక్కావని తెలుసు. కానీ ఆ అరవైకి కూడా ఏదో ఒకటి పెట్టేసి ఉంటే బాగుండేది.

ఇంత రాసి తరగతిలో చదివి వినిపించాను. గడుసు పిల్ల లేచింది. "మిస్, మరి మీరే కదా, తెలియకుండా జవాబు చెప్పడానికి చేతులెత్తొద్దని మమ్మల్ని తిడతారు?" అంది. తక్కిన ముప్ఫై ఒక్కమందీ బల్లలు చరిచారు. ఓడిపోయాను. మూడో గడి పెట్టాం.

పెట్టాక ఒక వింత జరిగింది. యంత్రం నెమ్మదించింది. ప్రతిదానికీ నరికేశారని ఎగరడం లేదు. తోటలో చెట్లు నిలబడే ఉన్నాయంది. నిజంగా నరికిన చోటు చూపిస్తే నరికేశారంది. తేలనప్పుడు "వెళ్ళి చూడాలి" అంటోంది. ఆకులు మన కంటికి ఆనని వెలుగును కూడా వెనక్కి తిప్పి పంపుతాయి, ఉపగ్రహానికి అది కనిపిస్తుంది. ఆ ఫొటోలు కూడా ఇచ్చాం. పిల్లలు పేరు మాత్రం మార్చనంటున్నారు. "ఇప్పుడు అమ్మమ్మకు బుద్ధొచ్చింది" అంటున్నారు. యంత్రం గురించే అమ్మమ్మా, నీ గురించి కాదు.

తూనీగ


మార్చి 4

అమ్మమ్మా,

ఇవాళ పరీక్ష జరిగింది. పాసయ్యామో తప్పామో ఇంకా తెలియదు. అది నీ చేతిలో ఉంది. కంగారుపడకుండా చదువు.

హెడ్మాస్టరుగారు అడవి ఆఫీసు నుంచి ఫొటో తెప్పించారు. తెరిచి చూస్తే నీ కొండ! ఆయనకు ఆ సంగతి తెలియదు. యంత్రం కొండంతా అడవి అంది. శిఖరం దాటాక, వాగు మలుపుకు ఆవల, ఆరేడు చుక్కల మీద మాత్రం "వెళ్ళి చూడాలి" అని పడింది.

"ఇదేం జవాబు?" అన్నారు ఆయన. "నా పరీక్షలో ఎవడైనా ఇంటికెళ్ళి చూసొచ్చి చెబుతానంటే మార్కులేస్తానా? ఆఫీసు కాగితంలో అక్కడ అడవి అనే ఉంది."

గడుసు పిల్ల లేచింది. "సార్, ఆ కాగితం రాసినవాళ్ళు ఈ నెల వెళ్ళి చూశారా సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "పదిహేనో తేదీలోగా ఎవరైనా చూసి రాసివ్వాలి. అక్కడ అడవి మామూలుగా ఉంటే మీ యంత్రం తప్పినట్టే. పీరియడ్లు లెక్కలకి" అన్నారు.

నీ మోకాలి సంగతి నాకు తెలుసు. గార్డు ఒక్కడూ వెళ్ళొచ్చినా చాలు.

నీ
తూనీగ


మార్చి 10

తూనీగకి అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదవగానే జవాబు రాసేశాను. "ఆకు రాలింది. చెట్లున్నాయి. మీ యంత్రం అనవసరంగా అనుమానపడింది." ఈ కొండను వంటింటి కిటికీలోంచి ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నాకు తెలియకుండా అక్కడ ఏం జరుగుతుంది? గార్డు కూడా, "వారం వారం ఆ దారినే తిరుగుతానండీ, మన చెట్లు ఎక్కడికీ పోలేదండీ" అన్నాడు. నా జవాబుతో మీ పీరియడ్లు పోతాయని తెలుసు. అయినా ఉన్నది రాయాలి కదా అని కవరు అంటించబోయాను.

జిగురు రాస్తూ ఆగిపోయాను. "వెళ్ళి చూడాలి" అన్న మాట పెట్టించింది ఎవరు? మీ హెడ్మాస్టరు కాగితం చూసి చెప్పాడు, నేను కిటికీలోంచి చూసి చెబుతున్నాను. తేడా ఏముంది?

"ఏరా, జీపు తియ్యి" అన్నాను.

"మీ మోకాలండీ..."

"మోకాలు నాది. జీపు తియ్యి."

వాగు దాకా జీపు, అక్కణ్ణుంచి నడక. గార్డు ముందు, కర్ర నడుమ, నేను వెనక. దారి పొడవునా చెట్లు బారులు తీరి ఉన్నాయి. "చూశారాండీ?" అన్నాడు వాడు సంబరంగా. నాకు ఆ వరస నచ్చలేదు. మరీ తిన్నగా ఉంది. మూడు వందల ఫొటోలు దిద్దినదాన్ని, అడవి అంచు ఎక్కడా అంత తిన్నగా ఉండదని నాకిప్పుడు తెలుసు. "ఈ వరస దాటి లోపలికి పద" అన్నాను.

నాలుగడుగులు వేశామో లేదో, ఎదురుగా ఆకాశం. దారిన పోయేవాళ్ళకు కనిపించకుండా ముందు వరస తెరలా వదిలేసి, లోపల కొట్టేసుకుంటూ పోయారు. మొదళ్ళ మీద రంపపు పొట్టు ఇంకా తడిగా ఉంది. ఇరవై ముప్ఫై చెట్లు పోయాయి. వాటి వెనక వాలు పొడుగునా, కొట్టబోయే చెట్లకు సున్నంతో గుర్తులు. అవి లెక్కపెట్టడం నాకే అలసట అనిపించింది, చూసుకో.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ అబ్బాయి నా ఎదుట కూర్చున్నాడు, ఒక మొద్దు మీద. "నేనీ పక్క నుంచే తిరిగానండీ" అన్నాడు.

"నేనూ కిటికీలోంచి చూశానురా. లే. ఫోను చెయ్యి."

మర్నాడు తెల్లారేసరికి వాళ్ళ ఆఫీసు మనుషులు కాపు కాసి, రంపాలతో వచ్చిన నలుగురిని పట్టుకున్నారు. సున్నం గుర్తులున్న చెట్లన్నీ నిలబడే ఉన్నాయి. గార్డు ఒక్కో గుర్తునూ తడిగుడ్డతో తుడుస్తున్నాడు. వద్దన్నా వినడం లేదు. ఆఫీసు నివేదిక నకలు జతచేశాను. మీ హెడ్మాస్టరుగారికి ఇవ్వు.

మీ యంత్రానికి నా మార్కులు పదికి తొమ్మిదిన్నర. ఆ అర ఎందుకు తగ్గించావని అడగకు. నేను పదికి పది ఎవరికీ వేయలేదు. ఆ పేరు ఉంచుకోమని పిల్లలకు చెప్పు.

ఉపగ్రహం మా ఊరి మీదుగా మళ్ళీ ఏ తేదీన, ఎన్నింటికి వెళ్తుందో కనుక్కుని రాయి. ఊరికే అడుగుతున్నాను.

అమ్మమ్మ


మార్చి 16

అమ్మమ్మా!!

రెండు ఆశ్చర్యార్థకాలు ఎందుకని అడగకు, ఇంకా వేయాలనుంది.

హెడ్మాస్టరుగారు నీ ఉత్తరం తరగతిలో నిలబడి పైకి చదివారు. "మీ హెడ్మాస్టరు కాగితం చూసి చెప్పాడు" దగ్గర ఒక్క క్షణం ఆగి, దగ్గి, అది కూడా చదివారు. చివరికి వచ్చాక ఉత్తరం మడిచి, "పీరియడ్లు ఉంటాయి" అన్నారు. పిల్లల అరుపులకు పక్క గదిలోంచి లెక్కల మాస్టారు పరుగెత్తుకొచ్చారు. ఆయన్నీ పట్టుకుని గంతులేశారు. ఏం పోగొట్టుకున్నారో తెలియక ఆయన కూడా నవ్వారు.

నా వంతు క్షమాపణ. మూడో దొంతి వద్దన్నది నేనే.

నువ్వు "ఊరికే" అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇరవై ఒకటో తేదీ, పొద్దున పదిన్నర ప్రాంతంలో. నువ్వు ఊరికే ఏదీ అడగవని నాకు తెలుసు.

తూనీగ


మార్చి 24

అమ్మమ్మా,

ఇరవై ఒకటో తేదీ ఫొటో వచ్చింది. కొండ మీద అంతా అడవే. పిల్లలు చప్పట్లు కొడుతుండగా యంత్రం కొండ కింద ఒక్క చుక్క మీద ఆగింది. అంతకుముందు ఫొటోల్లో బూడిదరంగులో ఉన్న చుక్క ఒక్కసారిగా తెల్లగా మెరిసిపోతోంది. చుట్టుపక్కల మైళ్ళ దూరంలో అలాంటిది లేదు. అది నీ ఇల్లు! ఏం చేశావు?

యంత్రం ఏమందో ఊహించు. "వెళ్ళి చూడాలి."

గడుసు పిల్ల తిన్నగా హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళి, "సార్, అమ్మమ్మ వెళ్ళి చూడమంది సార్" అని చెప్పింది. ఆయన చాలాసేపు ఆ చుక్కను చూసి, బస్సు కాగితం మీద సంతకం పెట్టారు. "రూలు రూలే కదా" అన్నారు. ఆయన కూడా వస్తారట. లెక్కల మాస్టారు కూడా.

వచ్చే శనివారం బయల్దేరుతున్నాం. ముప్ఫై రెండుమంది పిల్లలు, మేం ముగ్గురం.

నీ తూనీగ


మార్చి 27

తూనీగకి, పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

అవి డాబా మీద పరిచిన తెల్ల దుప్పట్లు. నావి తొమ్మిది, పక్కింటావిడవి ఆరు (ఒకదాని మీద టీ మరక ఉంది, అది అడుగున వేశాను), పోస్టావిడవి నాలుగు. ఇప్పుడు ఆవిడ నన్ను జాలిగా చూడటం లేదు. తనే మెట్లెక్కి వచ్చి మూలలకు ఇటుకలు పెట్టింది. ఇల్లు ఒక చుక్కే అన్నావు కదా, ఆ చుక్క సరిగ్గా కనిపించాలనుకున్నాను.

అందరూ బూట్లు వేసుకుని రావాలి. కొండెక్కేటప్పుడు వరస తప్పకూడదు. వరస మరీ తిన్నగా ఉన్న చోట మాత్రం ఆగి, లోపలికి తొంగి చూడాలి. గార్డు దగ్గరుండి చూపిస్తాడు. వాడికి ముందుగా ఒక స్టూలు వేశాను. పిల్లల ఎదుటైనా కూర్చుంటాడేమో చూడాలి. గడుసు పిల్ల నా పక్కన కూర్చుంటుంది, దానితో నాకు పనుంది. లెక్కల మాస్టారితోనూ పనుంది. మీ హెడ్మాస్టరుగారికి కుర్చీ వేస్తాను గాని, ఆలస్యంగా వస్తే ఆయనకైనా మార్కులు తగ్గిస్తాను.

పక్కింటావిడ దుప్పట్లు తిరిగి అడిగింది. శనివారం దాటాక ఇస్తానన్నాను. ఎందుకని అడిగితే చెప్పాను. లోపలికెళ్ళి ఇంకో రెండు తెచ్చిచ్చింది.

ఎదురుచూస్తూ,
అమ్మమ్మ